వాషింగ్టన్ నోట పలికే మాటలు ఎవరివి?

2020 ఫిబ్రవరిలో, ప్రెసిడెంట్స్ డే సెలవుల వేళ, అమెరికాలో హిస్టరీ చానల్ తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ జీవితం మీద వరసగా మూడు రాత్రులు 'వాషింగ్టన్' అనే డాక్యుడ్రామా, అంటే డాక్యుమెంటరీనీ నాటకాన్నీ కలిపిన కార్యక్రమం, ప్రసారం చేసింది. నికొలస్ రో వాషింగ్టన్‌గా నటించారు, జెఫ్ డానియల్స్ వ్యాఖ్యానం చెప్పారు. నిర్మాతల్లో చరిత్రకారిణి డోరిస్ కెర్న్స్ గుడ్‌విన్ ఒకరు. సన్నివేశం మధ్యలో ఆగుతుంది. బిల్ క్లింటన్, కొలిన్ పావెల్ లాంటి నేతలు, చరిత్రకారులు తెర మీదికొచ్చి నాలుగు మాటలు చెబుతారు. మళ్లీ నటులు అందుకుంటారు.

చూసేవాళ్లకు ఇక్కడే చిక్కు. కాగితం మీద ఉన్న మాటా, రచయిత ఊహించిన మాటా ఒకే తెర మీద, ఒకే నేపథ్య సంగీతంతో వస్తాయి. ఏది ఏదో విడమరిచి చెప్పేవాళ్లు ఉండరు. కానీ ఈ కలగాపులగం టీవీ తెచ్చిపెట్టింది కాదు. వాషింగ్టన్ 1799 డిసెంబర్ 14న కన్నుమూశారు. మరుసటి ఏడాదికే అది మొదలైపోయింది.

1800లో మేసన్ లాక్ వీమ్స్ అనే మతబోధకుడు ఆయన జీవితచరిత్ర అచ్చువేశాడు. ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్ముకునే మనిషి కాబట్టి జనానికి ఏం కావాలో బాగా తెలుసు. గొడ్డలితో చెర్రీ చెట్టును గాయపరిచి, నాన్న అడిగితే అబద్ధం చెప్పలేకపోయిన పిల్లవాడి కథ ఆ పుస్తకం ద్వారానే లోకానికెక్కింది. అదీ మొదటి ముద్రణలో లేదు, 1806లో వచ్చిన అయిదో కూర్పులో చేరింది. దానికి ఆధారమేదీ చరిత్రకారులకు దొరకలేదు. అయినా రెండు వందల ఏళ్లుగా చెరగలేదు.

కట్టుకథ సంగతి సరే, అసలు పత్రాలకు జరిగింది నాకు ఇంకా బాధ కలిగిస్తుంది. 1830లలో జారెడ్ స్పార్క్స్ అనే చరిత్రకారుడు వాషింగ్టన్ రాతలను పన్నెండు సంపుటాలుగా తెచ్చాడు. ఎంతో శ్రమపడ్డాడు, కాదనను. కానీ దేశపిత నోట మోటుమాట రాకూడదని చాలాచోట్ల సొంతంగా దిద్దాడు. సైన్యానికి వచ్చిన డబ్బు అవసరాల ముందు పురుగు కుట్టిన పాటిదని వాషింగ్టన్ రాస్తే, స్పార్క్స్ దాన్ని 'ప్రస్తుత అవసరాలకు ఏమాత్రం చాలదు' అన్న దస్తావేజు భాషలోకి మార్చాడు. తోటి సేనాని పట్నమ్‌ను 'ఓల్డ్ పట్' అని చనువుగా పిలిస్తే, 'జనరల్ పట్నమ్' అని సవరించాడు. డబ్బు లేక వేగిపోతున్న సేనాపతి గొంతు ఆ దిద్దుబాట్ల కింద పడి వినబడకుండా పోయింది. దీని మీద 1850లలో పెద్ద రగడే జరిగింది.

ఇక వాషింగ్టన్ భార్య మార్తా. భర్త పోయాక తమ ఉత్తరాలను ఆవిడ తగలబెట్టించారు. ఆయన ఆవిడకు రాసినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే మిగిలాయి. కాబట్టి తెర మీద భార్యాభర్తలు దీపం పక్కన కూర్చుని ఆడుకునే మాటలు ఎవరు రాసినా ఊహించి రాయాల్సిందే. 1984లో సీబీఎస్ తీసిన 'జార్జ్ వాషింగ్టన్' సిరీస్ ఆయన స్నేహితుడి భార్య శాలీ ఫెయిర్‌ఫాక్స్ పాత్రకు పెద్దపీట వేయగలిగిందంటే, 1758లో ఆయన ఆమెకు రాసిన ఉత్తరం నిప్పుల పాలు కాకుండా మిగలడం ఒక కారణం.

అలాగని నిజమైన నాటకానికి కరువేం లేదు. 1754 మే 28న, ఇరవై రెండేళ్ల వాషింగ్టన్ దళం ఒహాయో ప్రాంతపు అడవిలో ఫ్రెంచి వాళ్ల మీద పడింది. వాళ్ల నాయకుడు జుమోన్‌విల్ చనిపోయాడు. అయిదు వారాలు తిరిగేసరికి ఫోర్ట్ నెసెసిటీ అనే కోట దగ్గర వాషింగ్టనే ఫ్రెంచి వాళ్లకు లొంగిపోవాల్సి వచ్చింది. వానలో తడిసి, సిరా అలుక్కుపోయిన లొంగుబాటు కాగితం. అది ఫ్రెంచిలో ఉంది. ఆయనకు ఫ్రెంచి రాదు. దుబాసీ చదివి చెప్పింది విని సంతకం పెట్టారు. జుమోన్‌విల్‌ది 'హత్య' అని అందులో రాసి ఉంది. ఆ మాట తనకు చెప్పలేదని తర్వాత వాదించుకోవాల్సి వచ్చింది. ఏ రచయితా దీనికి మెరుగులు దిద్దక్కర్లేదు.

బానిసత్వం దగ్గరికి వచ్చేసరికి పత్రాలు మరీ నిష్కర్షగా మాట్లాడతాయి. 1799 నాటికి ఆయన ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లో బానిసలు 317 మంది. వాళ్లలో 123 మంది ఆయన సొంతం. అంతకంటే ఎక్కువమంది మార్తా మొదటి భర్త కస్టిస్ ఆస్తి కింద లెక్క. తన బానిసలను విడిపించాలని వీలునామా రాశారు గానీ, కస్టిస్ ఆస్తి మీద ఆయనకు ఆ హక్కు లేదు. వీలునామా దృశ్యం చూపించి అక్కడితో ఆపేస్తే కథ సగమే.

అధ్యక్షుడిగా ఆయన పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఫిలడెల్ఫియాలో ఉండేవారు. ఆరు నెలలు దాటి అక్కడ ఉంచిన బానిస స్వేచ్ఛ అడగవచ్చని పెన్సిల్వేనియా చట్టం. అందుకని గడువు ముగిసేలోపు వాళ్లను రాష్ట్రం దాటించి మళ్లీ తెచ్చేవారు. ఈ పని వాళ్లకూ, జనానికీ అనుమానం రాని సాకుతో జరిగిపోవాలని 1791 ఏప్రిల్‌లో తన కార్యదర్శి టోబియాస్ లియర్‌కు ఆయనే రాశారు. ఉత్తరం ఇప్పటికీ ఉంది.

ఆ ఇంట్లో ఓనా జడ్జ్ ఉండేది. మార్తాకు దుస్తులు సర్దే యువతి, కస్టిస్ ఆస్తి. తనను మార్తా మనవరాలికి కానుకగా ఇవ్వబోతున్నారని తెలిసింది. 1796 మే 21న, ఇంటివాళ్లు వర్జీనియా ప్రయాణానికి మూటలు కడుతుంటే తనూ మూట కట్టుకుంది. వాళ్లు భోజనానికి కూర్చున్న వేళ బయటికి నడిచి, ఓడెక్కి న్యూహాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ చేరింది. పట్టిచ్చినవాళ్లకు పది డాలర్లని పత్రికలో ప్రకటన వేశారు. చాలా చుక్క మచ్చలు, నల్లటి కళ్లు, ఒత్తయిన జుట్టు అని అందులో ఆమె రూపురేఖలు రాశారు. వెనక్కి రప్పించాలని వాషింగ్టన్ ఒకటికి రెండుసార్లు ప్రయత్నించారు. కుదరలేదు.

మూటల సంగతీ, భోజనం వేళ సంగతీ మనకెలా తెలుసంటే, 1840లలో ముసలితనంలో ఆమే పత్రికలవాళ్లకు చెప్పింది. మహారాణిలా బతికిన మార్తా మాటలు బూడిదయ్యాయి. చదువు నేర్పని ఆ ఇంటి బానిస చెప్పిన మాటలు అచ్చులో ఉన్నాయి. డాక్యుడ్రామా తీసేవాళ్లు ఎవరైనా సరే, మార్తా కోసం సంభాషణలు అల్లే ముందు వీటిని తెర మీదికి తేవాలని నా గట్టి కోరిక.

పారిపోయి వచ్చాక అక్కడికంటే ఎక్కువ కష్టపడ్డావు కదా, అందుకు బాధ లేదా అని ఆ పత్రికలవాళ్లు అడిగితే, లేదు, నేను స్వేచ్ఛగా ఉన్నాను అంది ఓనా. 1848లో చనిపోయేనాటికి కూడా చట్టం దృష్టిలో ఆమె కస్టిస్ వారసుల సొత్తే.