వేసవి పొదుగు, పుంజు మీద నింద

బల్లార్‌పూర్ నుంచి ఒక పాఠకురాలు ఇలా అడిగారు: చలికాలంలో 12 గుడ్లు పెడితే 9, 10 పిల్లలను దింపిన పెట్ట, ఏప్రిల్‌లో అన్నే గుడ్ల మీద కూర్చుని రెండు మూడు పిల్లలనే దింపింది, పుంజులో సత్తువ తగ్గిందని ఇంట్లో అంటున్నారు, దానిని కోసేసి కొత్తదానిని తెచ్చుకోవాలా? మహారాష్ట్రలోని చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో తెలుగువారున్న ఊళ్ళలో, రాజురా మొదలు సిరొంచ దాకా, వేసవి వచ్చిందంటే ఏదో ఒక పుంజు మీద ఈ నింద పడుతూనే ఉంటుంది. నా ఉద్దేశంలో చాలాసార్లు దోషం పుంజుదీ కాదు, పెట్టదీ కాదు. పెట్ట కూర్చోకముందు ఆ గుడ్లు ఇంట్లో గడిపిన రోజులది.

పుంజు సంగతి త్వరగా ముగిద్దాం. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. పెట్ట ఒకసారి పుంజుతో కలిస్తే వీర్యకణాలు అండవాహికలోని సన్నని గొట్టాలలో నిల్వ ఉండి దాదాపు రెండు వారాలపాటు పనికివస్తాయి. అందువల్ల పుంజు నాలుగు రోజులు నలతగా ఉన్నా గుడ్లు గొడ్డుపోవు, పుంజును మార్చిన కొత్తలో పుట్టే పిల్లలు పాత పుంజువే అయినా ఆశ్చర్యం లేదు. తీవ్రమైన ఎండలో పుంజు వీర్యం బలహీనపడుతుందన్నది నిజమే కానీ, పన్నెండింట తొమ్మిది గుడ్లు పోవడానికి అదొక్కటే కారణమని నేను అనుకోను.

గుడ్డు బయట పడేసరికే లోపలి పిండానికి ఒక రోజు వయసు ఉంటుంది. ఫలదీకరణ అండవాహిక మొదట్లోనే జరుగుతుంది. పచ్చసొన చుట్టూ తెల్లసొన, పొరలు, పెంకు ఏర్పడే 24, 25 గంటలూ పిండం పెట్ట ఒంటిలోని 41 డిగ్రీల వేడిలో ఎదుగుతూనే ఉంటుంది. పచ్చసొన మీద మనకు కనిపించే తెల్లని చుక్కలో అప్పటికే పదుల వేల కణాలు ఉంటాయి. గుడ్డు చల్లబడగానే ఆ ఎదుగుదల ఆగిపోతుంది. ఏ ఉష్ణోగ్రతకు దిగువన అది ఆగుతుందో దానిని శాస్త్రజ్ఞులు శారీరక శూన్యం అంటారు. పాత కొలతల ప్రకారం అది 20, 21 డిగ్రీలు, తరువాతి కొలతలు కొన్ని దానిని మరికొన్ని డిగ్రీలు పైకి జరిపాయి. పన్నెండు గుడ్లు పెట్టడానికి పెట్టకు రెండు వారాలు పట్టినా, పిల్లలన్నీ 21వ రోజున ఇంచుమించు ఒకేసారి పెంకు పగలగొట్టుకు రావడం ఈ విరామం వల్లనే సాధ్యమవుతుంది. మనం పిల్లలకు బడిలో ఆ 21 రోజుల లెక్క చెప్పి ఊరుకుంటాం. దానికి ముందున్న విరామం గురించి చెప్పం.

తొలకరికి ముందే పొడి దుక్కిలో పత్తి గింజలు వేసే రైతుకు ఇది కొత్త విషయం కాదు. నేల పొడిగా ఉన్నంతకాలం గింజ మొలవదు, చెడదు; గట్టి వాన పడితే చేనంతా ఒక్కసారే మొలుస్తుంది. భయమంతా చిన్న జల్లుతోనే, ఎందుకంటే ఆ తడికి గింజ ఉబ్బి వేరు దింపిన తరువాత వాన మొహం చాటేస్తే, మొలకెత్తినది మళ్ళీ గింజ కాలేక మాడిపోతుంది. పెట్ట కింద దొరికే 37.5 డిగ్రీల వేడి గట్టి వాన. చలికాలపు చల్లని గది పొడి నేల. బయట 45 డిగ్రీలు దాటే రోజుల్లో పగలు 35కు పైన, రాత్రి 28కి దిగువకు రాని ఇంటి మూల ఆ చిన్న జల్లు. పైగా ఈ నడిమి వేడికి పిండంలోని భాగాలన్నీ ఒకే తీరుగా స్పందించవు. కొన్ని కణజాలాలు ముందుకు సాగిపోతే కొన్ని వెనుకబడి, పెట్ట కూర్చునేనాటికి పిండం పొందిక తప్పి ఉంటుంది. మొదట పెట్టిన గుడ్డు రెండు వారాలు ఆ జల్లులో తడిసింది, చివరిది ఒక్క రోజే తడిసింది. కాబట్టి ఆ రెండు మూడు పిల్లలు చివరి గుడ్లవే అయి ఉంటాయని నా ఊహ. గుడ్డు మీద పెన్సిలుతో తేదీ రాస్తే ఇది తేలిపోతుంది.

పెట్ట కూర్చున్న ఏడవ నాటి రాత్రి గుడ్డును టార్చి వెలుగుకు పెట్టి చూస్తే, బతికిన పిండం చుట్టూ ఎర్రని నాళాలు కనబడతాయి, కొంత ఎదిగి చనిపోయినదానిలో రక్తపు వలయం కనబడుతుంది. ఏమీ కనబడని గుడ్డును గొడ్డుగుడ్డని పుంజు ఖాతాలో వేస్తారు. అయితే రక్తం పుట్టకముందే చనిపోయిన పిండం కూడా టార్చికి ఖాళీగానే కనిపిస్తుంది. అటువంటి గుడ్డును పగలగొట్టి చూడాలి: తెల్లని చుక్క చిన్నగా, అంచు సరిగా లేకుండా ఉంటే ఫలదీకరణ జరగలేదు, వెడల్పుగా, గుండ్రంగా విస్తరించి ఉంటే పుంజు తన పని చేసినట్టే. ఉరుములకు గుడ్లు మురుగుతాయని పొదుగు బుట్టలో ఇనుప మేకు పెట్టే ఆచారానికి కూడా మూలం ఇదేనేమో, ఎందుకంటే ఉరుములు వేసవి చివర వస్తాయి, గుడ్లు అంతకుముందే చనిపోయి ఉంటాయి.

హేచరీలలో గుడ్లను 15 నుంచి 18 డిగ్రీల దగ్గర, వారానికి మించకుండా ఉంచుతారు. ఇంట్లో అయితే తడి ఇసుక పోసిన వెడల్పాటి కుండలో చిన్న మట్టి మూకుడు దించి, అందులో పొడిగా గుడ్లు పేర్చి, పైన తడిగుడ్డ కప్పితే మన పొడి ఎండలో నీరు త్వరగా ఆవిరై లోపల చాలా చల్లబడుతుంది. గుడ్డుకు మాత్రం తడి తగలకూడదు, పెంకు రంధ్రాల గుండా సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. ఫ్రిజ్‌లోని 4, 5 డిగ్రీలు మరీ చల్లన.

మే నెలలో పెట్ట పొదుగుకు వస్తే దానిని మాన్పించడమే మేలు. పొట్ట కింద ఈకలు రాలిన చర్మానికి గుడ్లు తగిలినప్పుడు నరాల ద్వారా మెదడుకు కబురు వెళ్ళి, మెదడులోని హైపోథలామస్ అనే భాగం నుంచి వచ్చే ఒక పెప్టైడు పీయూష గ్రంథి చేత ప్రొలాక్టిన్ అనే హార్మోనును విడుదల చేయిస్తుంది. ఆ ప్రొలాక్టిన్ అండాశయాన్ని నిద్రపుచ్చుతుంది. టర్కీ కోళ్ళలో ఆ చర్మానికి వెళ్ళే నరాలను తెంచినప్పుడు అవి పొదుగుకు సరిగా కూర్చోలేదు. పొదుగు మాన్పించాలని కొందరు పెట్ట ముక్కులో ఈక గుచ్చుతారు, అది పెట్టను హింసించడమే తప్ప ఆ కబురును ఆపదు. గుడ్లు తీసేసి, కింద గాలి ఆడే ఇనుప జాలీ గంపలో నీడపట్టున నాలుగైదు రోజులు ఉంచి, మేత, నీళ్ళు మామూలుగా పెడితే పొట్ట చల్లబడి కబురు ఆగిపోతుంది. తరువాత రెండు మూడు వారాలకు అది మళ్ళీ గుడ్లకు వస్తుంది.

చల్లని నెలల్లో కూర్చోబెట్టేటప్పుడు 10, 12 గుడ్లే, రాత్రిపూట, అన్నీ ఒకేసారి పెట్టి, ప్రతి గుడ్డుకూ బొగ్గుతో గుర్తు పెట్టాలి. పెట్ట మేతకు దిగినప్పుడు మరో పెట్ట వచ్చి అందులో గుడ్డు పెట్టి పోతుంది. గుర్తు లేని ఆ గుడ్డును ఏ రోజుకారోజు తీసేయకపోతే, తల్లి పిల్లలతో బుట్ట దిగిపోయే నాటికి దానిలోని పిండం సగం ఎదిగి చనిపోతుంది.