వ్యాలీ ఆఫ్ ఫైర్‌కి కుక్కతో వెళ్తున్నారా? అపోహలు - వాస్తవాలు

లాస్ వేగాస్ నుంచి ఈశాన్యంగా 50 మైళ్లు, కారులో గంట ప్రయాణం. బూడిదరంగు సున్నపురాయి కొండల మధ్య ఉన్నట్టుండి ఎర్రటి ఇసుకరాళ్లు లేస్తాయి. డైనోసార్ల కాలంనాటి ఇసుకదిబ్బలు గట్టిపడి రాళ్లయ్యాయి, వాటిలోని ఇనుము తుప్పుపట్టి ఈ ఎరుపు తెచ్చింది. ఒక రాయి తొండం దించిన ఏనుగు, కొన్ని తేనెపట్టులు, ఇంకోచోట నేలంతా చారలు తేలిన అల. నెవాడాలో మొట్టమొదటి స్టేట్ పార్కు ఇదే, 1935 నాటిది. వేగాస్ ట్రిప్పులో ఒక పూట దీనికి కేటాయించి, ఇంట్లో కుక్కను కూడా కారెక్కించే తెలుగువాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

అపోహ: ఎడారి పార్కులన్నిటిలో కుక్కలకు ఒకటే రూలు.

వాస్తవం: నేషనల్ పార్కు వేరు, స్టేట్ పార్కు వేరు. కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ నేషనల్ పార్కులో కుక్క రోడ్డుకి, పిక్నిక్ స్థలానికి, క్యాంప్‌గ్రౌండ్‌కి 100 అడుగుల లోపే ఉండాలి, ట్రెయిల్ మీదికి రాకూడదు. యూటాలోని ఆర్చెస్‌లో అయితే చంకన ఎత్తుకున్నా ట్రెయిల్ మీదికి ఒప్పుకోరు. వ్యాలీ ఆఫ్ ఫైర్ స్టేట్ పార్కు కాబట్టి ట్రెయిల్స్ మీద కుక్క నడవొచ్చు, 6 అడుగులకు మించని లీష్ ఉంటే చాలు. విజిటర్ సెంటర్ లోపలికి మాత్రం రాకూడదు. బటన్ నొక్కితే సాగే లీష్ ఇంట్లోనే వదిలేయండి. దాని సన్నటి తాడు ముళ్లపొదకు చుట్టుకుంటే విడదీసేలోపు కుక్కకీ ముళ్లు, మీకూ ముళ్లు.

ఇంకొకటి, వేసవిలో మే 15 నుంచి సెప్టెంబరు 30 దాకా ఫైర్ వేవ్, సెవెన్ వండర్స్, వైట్ డోమ్స్ వంటి ట్రెయిల్స్‌ని ఎండ కారణంగా మూసేస్తున్నారు. అది మనుషులకి పెట్టిన రూలు. కుక్కకి అంతకంటే ముందే మొదలవుతుంది, మీరు ఏప్రిల్ నుంచే మూసేసినట్టు అనుకోండి.

అపోహ: ఫోన్‌లో 80 డిగ్రీల ఫారెన్‌హీటే చూపిస్తోంది, బాగానే ఉంటుంది.

వాస్తవం: ఫోన్ చెప్పేది నీడలో గాలి వేడి. కుక్క నడిచేది గాలిలో కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు. 77 డిగ్రీల ఫారెన్‌హీట్ రోజున కూడా ఎండలో ఉన్న తారు 120 దాటగలదు. పార్కింగ్ నుంచి ట్రెయిల్‌కి దాటే ఆ పది గజాల తారురోడ్డే చాలాసార్లు అసలు చోటు.

ఇసుక, రాయి ఒకేలా కాలవు. వదులు ఇసుకలో వేడి కిందికి దిగదు, అందుకే పైపొర మండిపోతుంది. కాలితో రెండు అంగుళాలు గీకితే కింద చల్లగా ఉంటుంది. రాయి అలా కాదు. పగలంతా వేడి తాగుతుంది, పొద్దు వాలాక కూడా చాలాసేపు వదులుతూనే ఉంటుంది. పైగా ఒకే వేడిమీద ఉన్నా ఇసుక కంటే రాయి అరికాలికి ఎక్కువ వేడి అందిస్తుంది. అందుకే సాయంత్రం ఐదింటికంటే పొద్దు పొడిచే వేళ మేలు.

పరీక్ష ఇలా: చేతి వెనుకభాగాన్ని నేలకు ఆనించి ఏడు అంకెలు మెల్లగా లెక్కపెట్టండి. మధ్యలో చెయ్యి తీసేస్తే కుక్కను దించకండి. తారు మీద ఒకసారి, ఇసుక మీద ఒకసారి, రాతి మీద ఒకసారి, విడివిడిగా చూడాలి.

అపోహ: బూట్లు తొడిగితే ఇక భయం లేదు.

వాస్తవం: ఇక్కడి ఇసుకరాయి గరుకుకాగితంలాంటిది. వేడి లేకపోయినా పచ్చిక మీద పెరిగిన కుక్క అరికాళ్లు తొందరగా అరగొచ్చు. కాబట్టి రబ్బరు అడుగున్న బూట్లు పనికొస్తాయి, కానీ మూడు షరతులు. పార్కులో మొదటిసారి తొడగకూడదు, వారం ముందునుంచి ఇంట్లో రోజూ పది నిమిషాలు అలవాటు చేయాలి. అరగంటకోసారి విప్పి ఇసుక దులపాలి, లేకపోతే వేళ్ల సందుల్లో ఒరుసుకుని పుండవుతుంది. మూడోది, పాదం పైన ఉండే బొటనగోరు దగ్గర పట్టీ బిగియకూడదు. బూట్లు కాలకుండా ఆపుతాయి, అంతే. ఒంట్లో వేడిని తగ్గించవు.

అపోహ: అలసిపోతే అదే ఆగుతుంది.

వాస్తవం: ఆగదు. మీరు నడుస్తున్నంతసేపూ వెనకే వస్తుంది, పడిపోయేదాకా వస్తుంది. ఫైర్ వేవ్‌లో ఇది మరీ మోసం. రానూపోనూ 1.5 మైళ్లే. వెళ్లేటప్పుడు దిగుడు, కుక్క ఉత్సాహంగా లాగుతుంది. తిరిగొచ్చేటప్పుడు ఎక్కుడు, అప్పటికి ఎండ ముదిరి ఉంటుంది, నీడ దాదాపు ఉండదు. సగం నీళ్లు అయిపోయాక వెనక్కి తిరుగుదాం అనుకోకండి. మూడో వంతు అయిపోగానే తిరగండి.

ఇంట్లో పడుకుని ఉన్న కుక్కకే రోజుకు కిలో బరువుకి 50-60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. ఎడారిలో నడిచే 20 కిలోల ల్యాబ్రడార్‌కి రెండు గంటలకి 2 లీటర్లు మోసుకెళ్లండి. ఒక్కసారిగా గిన్నెడు పోస్తే గటగట తాగి కక్కేస్తుంది. పావుగంటకోసారి టీకప్పుడు పోయండి. మౌసెస్ ట్యాంక్ అనే రాతిగుంటలో వానల తర్వాత నీళ్లు నిలుస్తాయి, అవి తాగించొద్దు. పగ్, బుల్‌డాగ్, షిట్జు లాంటి చప్పిడిముక్కు కుక్కలు మీ ఇంట్లో ఉంటే ఈ పార్కుని వాటికి కారు కిటికీలోంచే చూపించండి. మొహమాటం లేకుండా చెప్పాలంటే, అవి ఇక్కడ నడవకూడదు.

అపోహ: వడదెబ్బ తగిలిన కుక్కకి చల్లటి నీళ్లు పోస్తే ప్రాణానికే ప్రమాదం.

వాస్తవం: చాలా కుక్కల్ని చంపే అపోహ ఇది. చల్లబరచడం ఆలస్యమైన ప్రతి నిమిషమూ లోపలి అవయవాలు దెబ్బతింటాయి. ముందు చల్లబరచాలి, తర్వాతే ఆసుపత్రికి బయల్దేరాలి.

గుర్తులు: నాలుక చివర గరిటెలా వెడల్పై వేలాడుతుంది. చిగుళ్లు ఇటుకరంగుకి మారతాయి. చొంగ జిగురుగా తీగలు సాగుతుంది. వెనకకాళ్లు తడబడతాయి. మామూలుగా కుక్క ఒంటివేడి 101 నుంచి 102.5 డిగ్రీలు, 105 దాటిందంటే అత్యవసరం.

నీడలోకి తీసుకెళ్లి ఒళ్లంతా తడిసేలా నీళ్లు పోయండి, ముఖ్యంగా పొట్ట, తొడల సందు, చంకలు. ముక్కులోకి పోకూడదు. టోపీతోనో, అట్టముక్కతోనో ఆపకుండా విసరండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, నిమిషాల్లో అది వేడెక్కి ఒంటి వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. థర్మామీటర్ ఉంటే మలద్వారంలో పెట్టి చూడండి, 103.5కి రాగానే పోయడం ఆపండి, లేకపోతే అవసరానికి మించి చల్లబడుతుంది. అప్పుడు ఏసీ పూర్తిగా పెట్టి బయల్దేరండి. కాస్త తేరుకున్నట్టు కనిపించినా డాక్టరుకి చూపించాల్సిందే, కిడ్నీలు మర్నాడు మొరాయించొచ్చు. తాగే నీళ్లు కాక, ఇలా పోయడానికే కారులో 4 లీటర్ల డబ్బా ఒకటి విడిగా పెట్టుకోండి.

అపోహ: బొచ్చు గొరిగిస్తే చల్లగా ఉంటుంది.

వాస్తవం: హస్కీ, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్‌లాంటి రెండు పొరల బొచ్చున్న వాటికి గొరిగించొద్దు. చర్మం ఎండకు కమిలిపోతుంది. లోపలి పొరలో రాలిన వెంట్రుకల్ని దువ్వి తీసేస్తే చాలు.

అపోహ: చోయా ముళ్లు ఎగిరొచ్చి గుచ్చుకుంటాయి.

వాస్తవం: ఎగరవు. కానీ మన నాగజెముడుకి చుట్టమైన ఈ మొక్క కణుపులు ఎంత వదులుగా ఉంటాయంటే, తోక ఆనిందంటే ముక్క ఊడి అంటుకుపోతుంది. ప్రతి ముల్లుకీ వెనక్కి వంగిన సన్నటి నూగు ఉంటుంది, అందుకే లోపలికి పోయినంత తేలిగ్గా బయటికి రాదు. కుక్క చేసే మొదటి పని నోటితో పీకడం. అప్పుడు కాలి ముల్లు నాలుకలోకి చేరుతుంది. కాబట్టి ముందు తల పట్టుకోండి, తర్వాతే ముల్లు. పళ్లు ఎడంగా ఉన్న ఇనుప దువ్వెనను చర్మానికి, ముక్కకి మధ్య దూర్చి, మనుషులు లేనివైపు ఒక్క ఊపుతో ఎగరగొట్టండి. చేత్తో పట్టుకోవద్దు. మిగిలిన విడిముళ్లను పట్టకారుతో, గుచ్చుకున్న దిక్కుకి ఎదురుగా నేరుగా లాగండి. నోట్లో, కంటి దగ్గర ఉంటే ప్రయత్నించకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి, మత్తు ఇచ్చి తీస్తారు. ఈ దువ్వెన పెద్ద ఖరీదేం కాదు, బ్యాగులో అన్నిటికంటే ముందు సర్దాల్సింది అదే.

అపోహ: గిలక పాము టీకా వేయించాం, కాటేసినా ఏం కాదు.

వాస్తవం: ఆ టీకాను వెస్టర్న్ డైమండ్‌బ్యాక్ విషంతో తయారుచేశారు. ఈ ప్రాంతంలో తిరిగే మొహావీ గిలక పాము విషం నరాల మీద పనిచేస్తుంది, దానికి ఆ టీకాను నమ్ముకోలేం. గిలక మోగించకుండా కూడా పాము కాటేస్తుంది. కోసి రక్తం పిండటం, తాడు కట్టడం, ఐసు పెట్టడం ఏవీ వద్దు. మెడ వాచకముందే కాలర్ తీసేయండి, నడిపించకుండా ఎత్తుకుని కారుదాకా తీసుకెళ్లండి. మందు యాంటీవెనమ్ ఒక్కటే. దారిలోనే ఫోన్ చేసి అది ఉన్న ఆసుపత్రికే వెళ్లండి.

అపోహ: మలం ఇసుకలో కప్పెడితే ఎరువైపోతుంది.

వాస్తవం: తడి లేని నేలలో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చాలా తక్కువ. అది ఎండి అక్కడే పడి ఉంటుంది. సంచిలో కట్టి వెనక్కి తీసుకెళ్లండి. 2,000 ఏళ్లకు పైబడిన రాతిబొమ్మలున్న గోడల దగ్గర లీష్ పొట్టిగా పట్టుకోండి, మగకుక్క కాలెత్తడానికి చరిత్ర తెలియదు.

అపోహ: మనం తినేదే కొంచెం పెడితే ఏమవుతుంది?

వాస్తవం: పిక్నిక్ డబ్బాలోని ఉల్లిపాయ పకోడీ, కిస్‌మిస్ వేసిన కేసరి రెండూ కుక్కకి విషమే. ఉప్పు మజ్జిగ కూడా వద్దు. ఉత్త నీళ్లు చాలు.

అపోహ: మేం పదినిమిషాల్లో చూసొస్తాం, కారులో ఉంటుంది.

వాస్తవం: బయట 70 డిగ్రీలున్నప్పుడు కారు లోపల పది నిమిషాలకు 89, అరగంటకు 104 అవుతుంది. అద్దాలు కాస్త దించినా పెద్ద తేడా రాదు. ఎలక్ట్రిక్ కారులో కుక్క కోసం ఏసీ నడిపించే డాగ్ మోడ్ ఉందిగా అంటారు. పార్కులో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ రాదు. లోపల ఏసీ ఆగిపోతే మీ యాప్ మీకు చెప్పలేదు. రాతిబొమ్మలున్న అట్లాట్ల్ రాక్ దగ్గర ఎండకు కాలే ఇనుప మెట్లు కుక్క ఎక్కలేదు కాబట్టి ఒకరు పైకెళ్లి బొమ్మలు చూసి దిగాక రెండోవాళ్లు ఎక్కండి, లీష్ చేతులు మారితే చాలు. వేగాస్‌లో 24 గంటలూ తెరిచుండే వెటర్నరీ ఆసుపత్రి నంబరు, అక్కడికి దారి మ్యాపు హోటల్లో ఉండగానే ఫోన్‌లోకి దించుకోండి.