జీడిపొక్కు కాదు పిల్లలూ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. తరగతిలో కొత్తగా చేరిన అబ్బాయి చేతుల మీద పొక్కులు చూసి జీడిసొన అంటిందేమో అనుకున్నారట. పలాస పిల్లలకు అలా తోచడం సహజమే. జీడిగింజ పెంకులోని నూనె తగిలితే చర్మం కాలినట్టు పొక్కుతుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. కానీ అది బయటి నుంచి వచ్చే బాధ. ఈ అబ్బాయిది పుట్టుకతో వచ్చింది. పేరు ఎపిడెర్మోలిసిస్ బులోసా. పలకడానికి తిప్పలు పడకండి, డాక్టర్లు కూడా ఈబీ అనేస్తారు.

చర్మంలో పైన బాహ్యచర్మం, కింద అంతశ్చర్మం ఉంటాయని చదువుకున్నారు కదా. నాయనమ్మ పాత చీరలు పేర్చి కుట్టిన బొంతలో కుట్లు ఊడితే పై చీర జారిపోతుంది. చర్మంలో ఆ కుట్లు ప్రోటీన్లు. అన్నిటికన్నా కిందిది ఏడో రకం కొల్లాజెన్. అది సన్నటి పోగులై అంతశ్చర్మాన్ని పట్టుకుని ఉంటుంది. దాని పైన లామినిన్ 332, పదిహేడో రకం కొల్లాజెన్ ఉంటాయి. ఇంకా పైన, బాహ్యచర్మపు అట్టడుగు కణాల లోపల, కెరాటిన్ 5, 14 అల్లుకుని ఉంటాయి. వీటిలో దేని జన్యువు చెడితే అక్కడ, కాస్త రాపిడికే పొర విడిపోతుంది. ఆ ఖాళీలో నీరు చేరితే అదే పొక్కు.

ఎక్కడ విడిపోయిందన్నదాన్ని బట్టే బాధ. కెరాటిన్ లోపమైతే పొక్కులు చాలావరకు మచ్చ లేకుండా మానుతాయి, ఎండాకాలంలో ఎక్కువవుతాయి. ఏడో రకం కొల్లాజెన్ లోపం తీవ్రంగా ఉంటే మచ్చలు మిగులుతాయి, గోళ్లు పోతాయి, వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. అన్నవాహికలో కూడా పొక్కులొచ్చి మింగడం కష్టమవుతుంది. మీ స్నేహితుడిది ఇదేనని వాళ్ల నాన్న చెప్పారు. మధ్యాహ్న భోజనంలో అతను మెత్తటి అన్నమే తింటున్నది అందుకు, మీరు రాసినట్టు వంకలు పెట్టి కాదు.

అంటుకుంటుందా అని అడిగారు. అంటదు. ఒకే బల్ల మీద కూర్చున్నా, ఒకే గ్లాసులో తాగినా అంటదు. అమ్మవారి కోపమనీ, గ్రహణం నాడు తల్లి బయటికొచ్చిందనీ వీధిలో అనుకునే మాటలు వినే ఓపిక నాకు లేదు. అతనికి వచ్చిన రకంలో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ చెడినవే వచ్చాయి. వాళ్లిద్దరికీ మంచి ప్రతి కూడా ఒకటి ఉంది కాబట్టి జబ్బు లేదు. మన జిల్లాల్లో మేనరికాలు ఎక్కువ. ఒకే తాత నుంచి వచ్చిన లోపం అటూ ఇటూ కలిసే అవకాశం అక్కడ పెరుగుతుంది. ఇద్దరిలోనూ ఆ చెడిన జన్యువు ఒక్కొక్కటి ఉన్న దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఒక బిడ్డకు వచ్చింది కనుక తరువాతి ముగ్గురికి రాదని లెక్కవేస్తే తప్పు.

నేను పాఠాలు చెప్పే రోజుల్లో దీనికి కట్టు కట్టడం తప్ప చేయగలిగింది పెద్దగా లేదు. 2015లో జర్మనీలో సిరియాకు చెందిన ఏడేళ్ల బాలుడికి, అతని కణాల్లోనే లామినిన్ జన్యువును సరిచేసి, పెంచిన చర్మాన్ని దాదాపు 80 శాతం ఒంటికి అతికించారు. ఇటలీ శాస్త్రవేత్త మికేలే డి లూకా బృందం ఆ చర్మాన్ని తయారుచేసింది. 2023లో అమెరికా ఏడో రకం కొల్లాజెన్ జన్యువును మోసుకెళ్లే జెల్‌కు అనుమతిచ్చింది. దాన్ని మోసేది పెదవుల మీద పొక్కులు తెప్పించే హెర్పిస్ వైరసే! ఒంట్లో పెరగకుండా మార్చి వాడుతున్నారు. ఖరీదు మాత్రం మనలాంటి వాళ్లు తలెత్తి చూసేది కాదు.

ఇక మీ పని. అతన్ని చేయి పట్టి లాగకండి, చంకల కింద చేతులు వేసి ఎత్తకండి. దెబ్బ తగిలితే అంటుకునే ప్లాస్టర్ అసలు వేయకండి, తీసేటప్పుడు చర్మమే ఊడొస్తుంది. అంటుకోని కట్టు వాళ్లమ్మ సంచిలో పెడుతుంది. పొక్కు మీరు చిదమకండి. పెద్దదైతే శుభ్రమైన సూదితో నీరు తీసి, పైపొరను అలాగే ఉంచడం ఆవిడకు తెలుసు. పుస్తకాల సంచి పట్టీ భుజాన్ని ఒరుసుకుంటుంది కాబట్టి దాన్ని వంతులవారీగా మోయండి. కబడ్డీకి పిలవద్దు, క్యారమ్స్‌కు పిలవండి. బాగా ఆడతాడని వాళ్ల నాన్న గొప్పగా చెప్పారు.

మీ తాతయ్య,
విజయనగరం