పాతిక మీటర్ల రేంజ్‌లో సరిచేసిన గురిని ఎంతవరకు నమ్మొచ్చు?

అచ్చంపేట, దేవరకొండ దిక్కున పల్లి చేను వేసిన ఏ రైతును కదిలించినా అడవి పందుల గోడు వినిపిస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991లో దానికి చేసిన సవరణలతో సరదా వేట ముగిసింది. ఇప్పుడు పంది మీద తూటా పేలాలంటే ప్రభుత్వ అనుమతి, లైసెన్సున్న షూటర్ కావాలి. ఆ షూటర్‌కు మొదటి చిక్కు రైఫిల్ గురి సరిచేసుకునే చోటు. ఒలింపిక్ రైఫిల్, పిస్టల్ పోటీల దూరాలు 10, 25, 50 మీటర్లే. పెద్ద తుపాకికి ఒప్పుకునే రేంజ్, అంటే కాల్పుల సాధన చోటు, దొరికినా, చాలాసార్లు పాతిక మీటర్లతోనే సర్దుకోవాలి. పంది మాత్రం వంద మీటర్ల అవతల మెరుస్తుంది.

తూటా గొట్టం దాటిన క్షణం నుంచే, గొట్టం చూపే గీతకు కిందికి జారుతుంది. అది పైకి లేస్తుందని చాలామంది నమ్ముతారు గానీ, లేచేది గొట్టం మూతి. గురి చూసే దుర్బిణి, అంటే స్కోప్, గొట్టం కన్నా దాదాపు 4 సెంటీమీటర్లు ఎత్తులో ఉంటుంది కాబట్టి, చూపు గీతను (కన్ను స్కోప్‌లోంచి గురిని చూసే తిన్నని గీతను) అందుకునేలా గొట్టాన్ని రవ్వంత పైకి ఎత్తి బిగిస్తాం. దాంతో తూటా చూపు గీతను కింది నుంచి ఒకసారి దాటి పైకి పోతుంది, గురుత్వానికి జారుతూ ఇంకోసారి దాటుతుంది. పాతిక మీటర్ల దగ్గర మనం చూసేది ఆ మొదటి దాటుడే.

రెండోది ఎక్కడన్నది వేగాన్ని బట్టి మారుతుంది. .30-06 (ఒక రైఫిల్ తూటా రకం) లాంటి, సెకనుకు 800 మీటర్లతో పోయే తూటాను పాతిక దగ్గర నడిబొట్టుకు సరిచేస్తే, వంద మీటర్ల దగ్గర దాదాపు 6 సెంటీమీటర్లు పైన తగులుతుంది, మళ్లీ గీతను కలిసేది 180 మీటర్లు దాటాకే. పశ్చిమ బెంగాల్‌లోని ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీలో తయారైన .315 రైఫిల్ తూటా వేగం సుమారు 650 మీటర్లు. దానికి అదే స్కోప్ పెడితే రెండో కలయిక 110 చుట్టుపక్కల. స్కోప్ తీసేసి, గొట్టానికి 2 సెంటీమీటర్ల ఎత్తులో ఉండే ఐరన్ సైట్‌తో (అద్దాల్లేని ఇనుప గురితో) చూస్తే 60–70 మీటర్లకే కలిసిపోతుంది, వంద దగ్గర 4 సెంటీమీటర్లు కింద పడుతుంది. పాతిక మీటర్ల దగ్గరి కాగితం మీద మాత్రం మూడింటి గుర్తూ ఒక్కచోటే. కచ్చితంగా వంద మీటర్లకే జీరో కావాలంటే, అంటే గురిపెట్టిన చోటే తూటా తగలాలంటే, పాతిక దగ్గర నడిబొట్టుకు కొట్టకూడదు: ఆ వేగమైన తూటా అక్కడ ఒకటిన్నర సెంటీమీటరు కింద తగలాలి.

అందుకే దగ్గరి రేంజ్‌లో కుడి ఎడమలను నమ్ముతాను, ఎత్తును తాత్కాలికమనే అనుకుంటాను. గాలి లేనప్పుడు తూటా పక్కలకు దాదాపు తిన్నగానే పోతుంది. ఎత్తును తేల్చేవి వేగం, గురుత్వం. వాటి లెక్క ఆ పాతిక మీటర్లలో పెద్దగా బయటపడదు, అంతలో తూటా జారేది సెంటీమీటరు లోపే.

పైగా ఇక్కడి తప్పు అక్కడ నాలుగింతలు. పాతిక దగ్గర ఒక సెంటీమీటరు పక్కకు పోతే వంద దగ్గర నాలుగు. ఒక్క తూటాను చూసి స్కోప్ మర (గురిని క్లిక్కు క్లిక్కుగా జరిపే తిప్పుడు) తిప్పితే సరిచేస్తున్నది స్కోపో, మన చెయ్యి వణుకో తెలియదు. మూడు పేల్చి, వాటి నడిమధ్యను కొలవాలి. వంద మీటర్ల దగ్గర క్లిక్కుకు 7 మిల్లీమీటర్లు జరిగే మర, పాతిక దగ్గర రెండు మిల్లీమీటర్లు కూడా జరపదు. అక్కడ నాలుగు క్లిక్కులు తిప్పితే గానీ అంత తేడా కనపడదు. మర పనిచెయ్యట్లేదని కంగారుపడి ఇంకా తిప్పేవాళ్లున్నారు.

ఇంకో తిరకాసు పారలాక్స్, అంటే కన్ను జరిగితే గురి జరిగినట్టు కనపడటం. వంద మీటర్లకు కుదిర్చిన స్కోప్‌తో పాతిక దగ్గర చూస్తూ, రైఫిల్ కదలకుండా తల మాత్రం అటూ ఇటూ జరపండి. స్కోప్‌లోని అడ్డ గీతలు కాగితం మీద ఈదుతాయి. 40 మిల్లీమీటర్ల ముందు అద్దానికి కన్ను అంచుకు పోతే ఒకటిన్నర సెంటీమీటరు దాకా తేడా. అంటే వంద దగ్గర 6. బుగ్గను ప్రతిసారీ రైఫిల్ కర్ర మీద అదే చోట ఆనించాలి.

గుట్ట వెనక బీడులో నాలుగు పేల్చి తేల్చుకుందామంటే చట్టం ఒప్పుకోదు, మన గ్రానైట్ బండలూ ఒప్పుకోవు: రాయికి తగిలిన తూటా ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. వంద మీటర్ల రేంజ్ దొరికేదాకా పందిని కొట్టే దూరాన్నే కుదించుకోవాలి. ఐరన్ సైట్ .315ను పాతిక దగ్గర జీరో చేస్తే 80 మీటర్ల లోపల ఎక్కడైనా ఎత్తు తేడా రెండు సెంటీమీటర్లు దాటదు.