మంచం అంచు దగ్గర ఆగే పాప, నడకొచ్చాక ఎందుకు పడిపోతోంది?

తెలిసినావిడ ఒకరు అడిగారు. "మా పాపకి పదమూడో నెల. పాకే రోజుల్లో మంచం అంచుకి రాగానే ఆగిపోయేది, కిందకి తొంగిచూసి వెనక్కి తిరిగేది. హమ్మయ్య, భయం తెలిసింది అనుకున్నాం. ఇప్పుడు నడక మొదలెట్టాక అదే మంచం మీద నడుచుకుంటూ వచ్చి గాల్లో అడుగేస్తోంది. రెండుసార్లు పట్టుకున్నాం, ఒకసారి పడింది. తెలివి వెనక్కి పోయిందా? మా అత్తగారేమో దిష్టి అంటున్నారు."

దిష్టి తీయండి, అత్తగారి మనసు కుదుటపడుతుంది, కానీ పాప తెలివి ఎక్కడికీ పోలేదు. పిల్లల గురించి నాకు తెలిసిన విషయాల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

బీఎడ్ చదివినవాళ్ళకి, సైకాలజీ పేపర్ ఉన్నవాళ్ళకి "విజువల్ క్లిఫ్" గుర్తుండే ఉంటుంది. కార్నెల్ యూనివర్సిటీలో ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ చేసిన ప్రయోగం, 1960లో అచ్చయింది. ఎత్తైన బల్ల మీద పెద్ద గాజు పలక, ఒకవైపు గాజుకి ఆనుకునే గళ్ళ గుడ్డ, రెండోవైపు గళ్ళ గుడ్డ ఎక్కడో కింద నేల మీద, అంటే చూడ్డానికి లోయలాగా ఉంటుంది కానీ గాజు ఉంది కాబట్టి పడరు. 6 నుంచి 14 నెలల పిల్లలు 36 మందిని ఆ రెండు వైపుల మధ్యనున్న చెక్క పలక మీద పెట్టి అవతల్నుంచి అమ్మ చేత పిలిపించారు. లోయ వైపు పాకింది ముగ్గురే. దీన్ని పట్టుకుని మన గైడ్లలో "పిల్లలకి ఎత్తు భయం పుట్టుకతోనే వస్తుంది" అని రాసేస్తారు, విద్యార్థులు అదే బట్టీపట్టి పరీక్షలో రాస్తారు. అది నాకు నిజంగా బాధేస్తుంది. ఎందుకంటే ఆ పిల్లలందరికీ అప్పటికే పాకడం వచ్చు! పాకగా పాకగా నేర్చుకున్నదా, పుట్టుకతో వచ్చిందా అన్నది ఆ ప్రయోగంతో తేలదు. క్లాసులో ఎవరైనా ఈ ఒక్క ప్రశ్న అడిగితే పాఠం మొత్తం మారిపోతుంది.

దాన్ని తేల్చిన మనిషి కారెన్ అడాల్ఫ్. గిబ్సన్ శిష్యురాలే, ఇప్పుడు న్యూయార్క్ యూనివర్సిటీలో ఉన్నారు. ఆవిడ గాజు తీసేశారు. మధ్యలో వాలు మార్చగలిగే దారి ఒకటి కట్టించారు, సమతలం నుంచి 36 డిగ్రీల దాకా వంచొచ్చు. అవతల అమ్మానాన్నలు పిలుస్తుంటారు, పక్కనే ఒక మనిషి పడకుండా పట్టుకోడానికి రెడీగా ఉంటారు. ఒకే పిల్లల్ని పాకడం మొదలెట్టినప్పటి నుంచి నడక వచ్చిన తర్వాత దాకా, నెలల తరబడి మళ్ళీ మళ్ళీ పిలిచి చూశారు. 1997లో ఫలితాలు వచ్చాయి.

కొత్తగా పాకే పిల్లలు ఎంత నిట్టనిలువు వాలైనా సరే తల ముందుకు పెట్టి దూకేశారు. వారాలు గడిచేకొద్దీ తప్పులు తగ్గి, చివరికి తమకి ఏ వాలు కుదురుతుందో ఏది కుదరదో దాదాపు కచ్చితంగా చెప్పగలిగే స్థితికి వచ్చారు. తర్వాత నడక వచ్చింది. అంతే, మళ్ళీ మొదటికి. నిలబడి నేరుగా వాలులోకి నడిచేశారు. నన్ను కట్టిపడేసిన భాగం దీని తర్వాతది. అదే బిడ్డని, అదే రోజు, అదే వాలు ముందు చేతులూ మోకాళ్ళ మీద పెడితే ఆగిపోతుంది. ఎత్తి నిలబెడితే నడుచుకుంటూ వెళ్ళి పడుతుంది. మళ్ళీ పాకే భంగిమలో పెడితే ఆగుతుంది!

అంటే ఆ బిడ్డ నేర్చుకున్నది "ఎత్తు ప్రమాదం" అన్న సంగతి కాదు. "ఈ భంగిమలో నా ఒళ్ళు ఎంతవరకు ఆగుతుంది" అన్న లెక్క. భంగిమ మారితే లెక్క పనికిరాదు.

పదేళ్ళు సైకిల్ తొక్కినవాణ్ణి మొదటిసారి కార్లో కూర్చోబెట్టండి. రోడ్డు తెలుసు, గుంతలు తెలుసు, సందు చివర మురిక్కాలవ ఉందనీ తెలుసు. అయినా ఎడమవైపు బంపర్ ఎక్కడిదాకా ఉందో తెలీదు, రెండు ఆటోల మధ్య పడుతుందో లేదో తెలీదు, ఎంత ముందు బ్రేకేస్తే ఎక్కడ ఆగుతుందో తెలీదు. సైకిల్ మీద ఈ మూడూ నిద్రలో అడిగినా చెప్పేవాడే. రోడ్డు అదే, బండి మారింది. కూర్చోడం, పాకడం, నడవడం పిల్లలకి మూడు వేరు వేరు బండ్లు. 2000లో అడాల్ఫ్ ఇంకోటి చూపించారు. తొమ్మిదిన్నర నెలల పిల్లల్ని రెండు బల్లల మధ్య వదిలిన ఖాళీ అంచున కూర్చోబెట్టి అవతల బొమ్మ పెడితే, వంగి అందుకోగలరో లేదో చక్కగా అంచనా వేసుకున్నారు, అదే పిల్లలు అదే ఖాళీ ముందు పాకే భంగిమలో ఉంటే అందులో పడబోయారు. వాళ్ళకి కూర్చోడం పాత బండి, పాకడం కొత్త బండి.

ఎందుకింత తేడా అంటే, కూర్చున్నప్పుడు ఒళ్ళు ఊగేది తుంటి దగ్గర, పాకేటప్పుడు భారం మణికట్ల మీదా మోకాళ్ళ మీదా, నిలబడ్డప్పుడు ఊగేది చీలమండల దగ్గర. ఒక్కో భంగిమలో గరిమనాభి (ఒంటి బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కేసుకునే బిందువు) ఎత్తు వేరు, దాన్ని ఆపే ఆధార వైశాల్యం, అంటే నేలకి ఆనిన భాగాల మధ్య జాగా, వేరు, తూలినప్పుడు వెనక్కి లాగే కండరాలు వేరు, లోపలి చెవి నుంచీ కళ్ళ నుంచీ వచ్చే కదలిక సమాచారం వేరు. పాకే బిడ్డ కళ్ళకి ఎక్కువగా కనపడేది ముందున్న నేల, నిలబడ్డ బిడ్డకి కనపడేది గది మొత్తం. ఇన్ని మారినప్పుడు పాత లెక్కని కొత్త భంగిమకి అతికించడం కుదరదు, మళ్ళీ మొదట్నుంచి కట్టుకోవాల్సిందే.

అలాగని ఒక భంగిమలో నేర్చుకున్నది ఒట్టి బట్టీ కూడా కాదు. నడక బాగా వచ్చిన పిల్లలకి సీసం నింపిన చిన్న సంచులు తొడిగి, అంటే వాళ్ళ బరువులో నాలుగో వంతు అదనంగా వేసి, వాలు ముందు నిలబెట్టారు. మామూలుగా దిగిపోయే వాలు దగ్గర కూడా ఆగారు. అలవాటైన కార్లో నలుగురు ఎక్కితే డ్రైవరు బ్రేకు ముందుగానే తొక్కుతాడు కదా, అలా. పైగా పిల్లల విషయంలో బండి కూడా ఒక్కలా ఉండదు. మిషెల్ లాంపుల్ బృందం 1992లో చూపించిన దాని ప్రకారం పసిపిల్లల పొడవు రోజూ కాస్త కాస్త పెరగదు, రోజుల తరబడి ఏమీ పెరక్కుండా ఉండి ఒక్క రోజులో అర సెంటీమీటరో, ఇంకా ఎక్కువో పెరుగుతుంది. రాత్రి పార్క్ చేసిన కారు పొద్దున్నకి పొడుగైతే ఎలా నడుపుతాం? పిల్లలు నడుపుతున్నారు. అందుకే వాళ్ళు కొలతలు గుర్తుపెట్టుకోరు, అడుగడుగునా అప్పటికప్పుడు అంచనా కట్టడం నేర్చుకుంటారు.

దానికి సాధన కావాలి, ఆ సాధన కూడా మామూలుగా ఉండదు. 2012లో లెక్కపెడితే 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకునేటప్పుడు గంటకి సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. గంటకి!

"రెండుసార్లు పడితే అదే బుద్ధి తెచ్చుకుంటుంది" అని పెద్దవాళ్ళు అంటుంటారు కదా, అది మాత్రం వదిలేయండి. వాలు ప్రయోగంలో ఎన్ని వారాలుగా పాకుతున్నారు, ఎన్ని వారాలుగా నడుస్తున్నారు అన్నదాన్ని బట్టే జాగ్రత్త పెరిగింది. ఇంట్లో గట్టిగా పడ్డ పిల్లలు వేరేవాళ్ళకంటే జాగ్రత్తగా ఏం లేరు. ఒళ్ళు తేలిక, ఎత్తు తక్కువ, మామూలుగా పడితే దెబ్బే తగలదు, లేచి వెళ్ళిపోతారు. ఇన్నిసార్లు పడ్డా భయం పుట్టకపోవడం వల్లే వాళ్ళకి నడక వస్తోంది. మంచం ఎత్తు మాత్రం వేరే సంగతి, అక్కడ తల ముందు తగులుతుంది.

వాకర్ కొందామా అని కూడా ఆవిడ అడిగారు. వద్దండి. కూర్చుని తిరిగే వాకర్‌లో తూలితే ఆపేది చక్రాల చట్రం, బిడ్డ చీలమండలు కాదు, అంటే నేర్చుకోవాల్సిన అసలు లెక్కే నేర్చుకోదు. ముందున్న ట్రే వల్ల తన పాదాలు తనకే కనపడవు. మెట్లున్న ఇంట్లో అయితే మరీ ప్రమాదం. కెనడా 2004లోనే వీటి అమ్మకం పూర్తిగా నిషేధించింది, సెకండ్ హ్యాండ్‌తో సహా.

మన ఇళ్ళల్లో బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు అని ఒక్కో భంగిమకి విడిగా పండగ చేస్తాం, నాకు చాలా ఇష్టమైన ఆచారం. ఆ అరిసెలు పంచిన రోజు నుంచే మంచం మీద పాత నమ్మకం వదిలేయాలి. పాకేటప్పుడు ఆగింది కదా అని పాపని మంచం మీద వదిలి వంటింట్లోకి వెళ్ళకండి. పరుపు కింద వేసుకుంటే ఇంకా మంచిది, మేడ మెట్లకి తలుపో అడ్డమో పెట్టండి, ఇది కొన్ని నెలల వ్యవహారం.

వీటితో పాటు దిగడం నేర్పండి. బోర్లా తిప్పి, కాళ్ళు ముందు జారవిడిచి, పాదం నేలకి తగిలేదాకా పట్టుకోండి. పిల్లలకి ఇందులో కష్టం కండరాలది కాదు, వెళ్ళాల్సిన చోటుకి వీపు తిప్పాలి. అమ్మ ఎదురుగా కనపడుతుంటే అమ్మకి వీపు తిప్పి అమ్మ దగ్గరకి వెళ్ళడం అన్నది ఏడాది బిడ్డకి మింగుడుపడని విషయం. అందుకని మొదట్లో ఎదురుగా నిలబడి పిలవకండి, పక్కన కూర్చుని రెండు చేతులతో తిప్పండి, అరుగు మీద, సోఫా మీద, ఎత్తు తక్కువున్న చోట మొదలెట్టి ఆ తర్వాత మంచానికి రండి.