కొమ్ము లేని ఖడ్గమృగం ఫొటో వెనక

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఉండే ఫ్రెండ్ ఒకడు ఆమధ్య అక్కడి హ్లుహ్లువే అడవికి వెళ్లొచ్చి ఫొటోలు పంపాడు. (పేరు నోరు తిరక్కపోతే కంగారు పడకండి, అక్కడి జులూవాళ్లు పలుకుతుంటే మన చెవికి దాదాపు 'షుషులూవే' అన్నట్టు వినిపిస్తుంది.) ఏనుగులు, జిరాఫీలు అన్నీ బాగానే ఉన్నాయి గానీ తెల్ల ఖడ్గమృగం ఫొటో దగ్గర ఆగిపోయాను. మూతి మీద కొమ్ములు ఉండాల్సిన చోట నున్నగా కోసేసిన రెండు మొండి దిమ్మలు. "ఇదేం ఖడ్గమృగంరా, ఖడ్గమే లేదు!" అన్నాను. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు.

ఇప్పుడు అక్కడికి కెమెరా పట్టుకుని వెళ్లే ఎక్కువమందికి దొరికేది ఇలాంటి ఫొటోనే. కొమ్ము కోసింది దొంగలు కాదు, ఆ అడవిని కాపాడేవాళ్లే. పరిస్థితి అక్కడిదాకా ఎందుకు వచ్చిందో అర్థం కావాలంటే కథ 1895 నుంచి మొదలుపెట్టాలి.

హ్లుహ్లువే–ఇంఫొలోజి దక్షిణాఫ్రికాలోని క్వాజులు–నాటాల్ రాష్ట్రంలో ఉంది, సుమారు 960 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు షాకా లాంటి జులూ రాజుల వేట భూమి, 1895లో రిజర్వ్‌గా ప్రకటించారు, ఆఫ్రికాలో అన్నిటికంటే పాత రిజర్వుల్లో ఇదొకటి. అదే రోజుల్లో పక్కనే నాటాల్ చెరకు తోటల్లో విశాఖ, గంజాం వైపు నుంచి ఓడలెక్కి వెళ్లిన మన కూలీలు పని చేస్తున్నారు, డర్బన్‌లో ఇవాళ్టికీ తెలుగువాళ్లు కనిపించేది అందుకే. సరే, ఖడ్గమృగాల దగ్గరికి వద్దాం. తుపాకీలతో వచ్చిన తెల్లవాళ్ల వేట దెబ్బకి అప్పటికి దక్షిణ తెల్ల ఖడ్గమృగాలు (తెల్లవాటిలో ఆఫ్రికా దక్షిణాన ఉండే రకం) దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. నల్ల ఇంఫొలోజి, తెల్ల ఇంఫొలోజి అనే రెండు నదుల మధ్య మిగిలినవి వందలోపే, ఇంకెక్కడా లేవు.

రిజర్వ్ అని బోర్డు పెట్టగానే జంతువులకు మంచి రోజులు వచ్చాయనుకుంటే పొరపాటు. చుట్టుపక్కల రైతుల పశువులకు నగానా అనే జబ్బు వచ్చేది, దాన్ని మోసుకొచ్చేది త్సెత్సె ఈగ, ఆ ఈగ బతికేది అడవి జంతువుల రక్తం మీద. ఈగని చంపడం చేతకాక జంతువుల్నే చంపేస్తే సరిపోతుందని తీర్మానించారు! 1919 తర్వాత విడతలు విడతలుగా అడవిదున్నలు, జీబ్రాలు, వైల్డ్‌బీస్ట్‌లు, జింకలు కలిపి సుమారు లక్ష జంతువుల్ని కాల్చేశారు. తెల్ల ఖడ్గమృగాల్ని మాత్రం, ఇవి పోతే ఇక లేవు కాబట్టి, వదిలేశారు. చివరికి ఈగ పీడ విరగడైంది తుపాకులతో కాదు, రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక విమానాల నుంచి చల్లిన డీడీటీతో. చచ్చిన లక్షకీ ఎవరు లెక్క చెప్పాలి?

తర్వాత ఇయాన్ ప్లేయర్ అనే కుర్ర రేంజర్ వచ్చాడు. 1953లో చిన్న విమానంలో అడవి మీద తిరుగుతూ తెల్ల ఖడ్గమృగాల్ని ఒక్కొక్కటిగా లెక్కపెడితే 437 తేలాయి. సంతోషమే గానీ టెన్షన్ కూడా మొదలైంది. ఉన్నవన్నీ ఒకేచోట ఉన్నాయి, ఏదైనా అంటురోగం వస్తే జాతి మొత్తం పోతుంది. అందుకే 1961లో 'ఆపరేషన్ రైనో' మొదలుపెట్టారు, పట్టుకుని వేరే అడవులకు పంపడం అన్నమాట. చెప్పడం సులువే, రెండు టన్నుల జంతువుని ఎలా పట్టుకుంటారు? మత్తు సూది కొట్టాక అది పడిపోయేదాకా గుర్రాల మీద ముళ్లపొదల్లో దాని వెనకే దౌడు తీయడమే, మోతాదు ఎంతో కూడా అప్పటికి సరిగ్గా తెలీదు. ఎం99 అనే మందు వాడకంలోకి వచ్చాక పని తేలికైంది. అడవిలో అడుగుజాడలు చదవడం ప్లేయర్‌కి నేర్పిన జులూ గార్డు మగ్‌కుబు న్టోంబెలా పేరు కూడా ఇక్కడ చెప్పుకోవాలి, చాలా కథనాల్లో ఆయన ఎక్కడో మూలకి పోతాడు.

అలా పంపినవే అదే దేశంలోని క్రూగర్ పార్కులోనూ, ప్రైవేటు రిజర్వుల్లోనూ, లండన్ దగ్గరి విప్స్‌నేడ్ జూలోనూ, అమెరికాలో శాన్‌డియాగోలోనూ పిల్లల్ని పెట్టాయి. 2010 తర్వాత ఒక దశలో ఆఫ్రికాలో తెల్ల ఖడ్గమృగాలు 20 వేలు దాటాయి. వందలోపు నుంచి 20 వేలు!

అదే సమయంలో నల్ల ఖడ్గమృగం కథ తలకిందులైంది. 1970లో 65 వేలు అనుకున్నవి 1990ల మధ్యకి 2,400కి పడిపోయాయి. యెమెన్‌లో బాకుల పిడులకి, చైనా వైపు మందులకి కొమ్ము పోయేది. 1977లో అంతర్జాతీయ వ్యాపారం నిషేధించినా ఆగలేదు.

దక్షిణాఫ్రికా మాత్రం చాలాకాలం ఈ గొడవకి దూరంగానే ఉంది. 2007లో దేశం మొత్తంమీద దొంగవేటకి పోయినవి 13. మరుసటి ఏడాది 83. 2014కి 1,215. ఈ మధ్యలో ఏమైందంటే, వియత్నాంలో కొమ్ము పొడి క్యాన్సర్ తగ్గిస్తుందని పుకారు పుట్టింది, డబ్బున్నవాళ్లకి అది హోదా కూడా అయింది. నిజానికి కొమ్ము అంటే కెరటిన్, మన గోళ్లలో ఉండేదే, కొరుక్కుంటే ఫ్రీగా వస్తుంది.

ఈ దందాలో ఫొటో కూడా ఒక పనిముట్టే అయింది. లైసెన్సు తీసుకుని ఖడ్గమృగాన్ని వేటాడటం అక్కడ చట్టబద్ధం, కొమ్ముని స్మారకంగా ఇంటికి తీసుకెళ్లొచ్చు. ఒక ముఠా థాయ్ అమ్మాయిలకి డబ్బిచ్చి వాళ్లనే వేటగాళ్లుగా చూపించి, చచ్చిన జంతువు పక్కన నిలబెట్టి ఫొటోలు తీసి, ఆ లైసెన్సు కాగితాలతో కొమ్ములు దేశం దాటించింది. ముఠా నాయకుడికి 2012లో 40 ఏళ్ల శిక్ష పడింది, అప్పీళ్లలో అది బాగా తగ్గింది.

మామూలు టూరిస్టుల ఫొటోలతోనూ చిక్కొచ్చింది. ఫోన్‌తో తీసిన ఫొటోలో అది తీసిన చోటు కూడా దాగి ఉంటుంది, దాన్ని అలాగే పోస్ట్ చేస్తే ఎవరైనా చూసుకోవచ్చు. అందుకే రిజర్వుల గేట్ల దగ్గర "లొకేషన్ ఆఫ్ చేయండి, ఎక్కడ చూశారో రాయకండి" అని బోర్డులు వెలిశాయి. ఒకప్పుడు ప్లేయర్ విమానమెక్కి ప్రతిదాన్నీ వెతికి లెక్కపెట్టింది, అవి ఎక్కడున్నాయో తెలిస్తేనే కాపాడగలమని. ఇప్పుడు చూసినా చూడనట్టు ఉండమంటున్నారు.

2017లో వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో మొదటి బహుమతి వచ్చిన బ్రెంట్ స్టర్టన్ ఫొటో ఈ హ్లుహ్లువే–ఇంఫొలోజిలో తీసిందే. నల్ల ఖడ్గమృగం ముందుకాళ్ల మీద మోకరిల్లినట్టు ఉంటుంది, కొమ్ములున్న చోట ఎర్రటి గొయ్యి. అందంగా ఉందని ఎవరూ అనలేరు, కానీ నా దృష్టిలో వంద సూర్యాస్తమయం ఫొటోల కంటే అదే ఎక్కువ పని చేసింది.

క్రూగర్‌లో సంఖ్య బాగా పడిపోయి, అక్కడ కొన్నిచోట్ల కొమ్ములు కోయడం, కాపలా పెంచడం మొదలయ్యాక ముఠాలు ఇటు మళ్లాయి. 2023లో దేశంలో 499 చనిపోతే అందులో 307 క్వాజులు–నాటాల్‌వే, వాటిలోనూ ఎక్కువ ఈ ఒక్క పార్కులోనివి. తెల్ల ఖడ్గమృగం జాతి మళ్లీ ప్రాణం పోసుకున్న చోటు అన్నమాట. తుపాకీ పట్టేది చాలాసార్లు చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లే, డబ్బు చేసుకునేవాడు ఇంకో ఖండంలో ఉంటాడు. శేషాచలం ఎర్రచందనం వార్తలు చదివేవాళ్లకి ఇది కొత్తగా ఉండదు.

2024లో చివరికి రంపం తీశారు. హెలికాప్టర్ నుంచి మత్తు సూది, అదీ ఆ పాత ఎం99 కుటుంబం మందే. జంతువు తూలి కూలబడగానే కళ్లకి గంతలు కడతారు, చెవుల్లో గుడ్డలు కుక్కుతారు, ఒకరు ఊపిరి లెక్కపెడుతూ కూర్చుంటారు. చైన్‌సా తిరుగుతుంటే తెల్లటి రజను మంచులా ఎగురుతుంది, వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. కింద ప్రాణమున్న భాగం తగలకుండా పైన కోస్తారు కాబట్టి నొప్పి ఉండదు. రాలిన రజనుని కూడా ఎత్తుకెళ్తారు, దానికీ కొనేవాడున్నాడు మరి! విరుగుడు సూది వేసిన కాసేపటికే అది లేచి నడిచిపోతుంది. ఆ ఏడాది ఆ రాష్ట్రంలో చావులు 307 నుంచి 232కి తగ్గాయి.

అయితే గోళ్లలాగే కొమ్మూ పెరుగుతుంది, ఏడాదిన్నర రెండేళ్లకి మళ్లీ హెలికాప్టర్, మళ్లీ డాక్టర్లు, మళ్లీ ఖర్చు. మిగిలిన మొండి దిమ్మ కోసం కూడా చంపిన సందర్భాలున్నాయి. ఫొటోలు పాడైపోతున్నాయని గొణిగే టూరిస్టులూ ఉన్నారంట, వాళ్ల గురించి నేను ఏమీ అనను.

మా వాడు పంపిన ఫొటోని ఇంకోసారి పెద్దది చేసి చూశాను. చెవి అంచున రెండు చిన్న కత్తిరింపులు ఉన్నాయి, ఏది ఏదో రేంజర్లు గుర్తుపట్టడానికి చేసే గుర్తులు. వెనక కాస్త నీళ్లు కనిపిస్తున్నాయి. "ఇది ఏ నది దగ్గర తీశావు?" అని మెసేజ్ పెట్టాను. "అది మాత్రం అడక్కు" అన్నాడు.