ఏలియన్స్ కబురు వస్తే దేశాలు దాచేస్తాయా? అపోహలు - వాస్తవాలు

మొన్న ఒక పెళ్లి భోజనాల్లో మా పెద్దమావయ్య నా పక్కన కూర్చుని, గుత్తివంకాయ ఆకులో పడేలోపే గొంతు తగ్గించాడు. "నిజం చెప్పరా అబ్బాయ్, ఏలియన్స్ సంగతి అమెరికా వాళ్లు దాచేశారు కదా?" నా పని పల్సర్లు చూడటం, అంటే గడియారంలా క్రమం తప్పకుండా రేడియో మెరుపులు పంపే చనిపోయిన నక్షత్రాలు. పుణె దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్న జీఎమ్‌ఆర్‌టీ రేడియో టెలిస్కోపు నుంచి డేటా తెచ్చుకుంటాను. ఏ ఊరెళ్లినా ఇదే ప్రశ్న ఎదురవుతుంది కాబట్టి జవాబు ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: సిగ్నల్ దొరికిన దేశం దాన్ని గుట్టుగా తన దగ్గరే ఉంచుకోగలదు.

వాస్తవం: భూమి తిరుగుతోంది కదా! ఆకాశంలో దాదాపు ఏ నక్షత్రమైనా మాకు కొన్ని గంటలే అందుతుంది. అస్తమించాక కూడా దాన్ని వదలకుండా చూడాలంటే మనకు పడమట ఉన్న దేశాల టెలిస్కోపులను అడగాల్సిందే. పైగా ఒక్క టెలిస్కోపుకే కనిపించిన సిగ్నల్‌ను మేమే నమ్మం. ఇప్పటిదాకా అలాంటివి చాలావరకు మనుషుల గోలగానే తేలాయి. సెల్ టవరో, ఉపగ్రహమో, కరెంటు తీగ మీద స్పార్కో. ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపును ఏళ్లపాటు సతాయించిన వింత మెరుపులు అక్కడి మైక్రోవేవ్ ఓవెన్‌వని 2015లో బయటపడింది. ఆగకముందే తలుపు తీస్తున్నారట. ఆ టెలిస్కోపుతోనే 2019లో ప్రాక్సిమా సెంటారీ అనే నక్షత్రం వైపు చూస్తుంటే 982 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక సిగ్నల్ దొరికింది. పరిశీలన పూర్తి కాకముందే 2020 డిసెంబరులో ఆ సంగతి పేపరుకెక్కింది. 2021లో అదీ మన పరికరాల రొదేనని తేల్చారు.

1997 జూన్‌లో అమెరికాలోని గ్రీన్ బ్యాంక్‌లో ఏలియన్స్ సిగ్నళ్ల కోసం వెతికే సెటీ బృందాన్ని ఒక సిగ్నల్ గంటల తరబడి కూర్చోనివ్వలేదు. చివరికి అది సూర్యుణ్ణి చూసే సోహో నౌకది. ఆ టెన్షన్‌లో ప్రభుత్వం నుంచి ఎవరూ పలకరించలేదనీ, పత్రికా విలేకరి మాత్రం ఫోన్ చేశాడనీ ఆ బృందంలోని సెత్ షోస్టాక్ ఇప్పటికీ చెబుతుంటారు.

అపోహ: శాస్త్రవేత్తలు ఏదీ దాచరు.

వాస్తవం: ఇది మావాళ్లు నమ్మే అపోహ. 1967 చివర్లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్‌కు 1.33 సెకన్లకోసారి గడియారంలా కొట్టుకునే సిగ్నల్ దొరికింది. దానికి 'చిన్న పచ్చ మనుషులు' అని సరదా పేరు పెట్టారు. సరదా కాస్తా ముదిరి, దీన్ని లోకానికి ఎలా చెప్పాలా అని క్రిస్మస్‌కు ముందు పెద్దలు తలుపులేసుకుని మాట్లాడుకున్నారు. తన పీహెచ్‌డీ మధ్యలో ఈ ఏలియన్స్ గొడవేంటని ఆవిడకు చిరాకేసింది. ఆ రాత్రే పాత చార్టుల్లో, ఆకాశంలో మరోచోట, అలాంటిదే ఇంకొకటి కనిపించింది. రెండు వైపుల నుంచి రెండు జాతులు ఒకేసారి మనల్నే పిలుస్తాయా? పిలవవు. అలా దొరికినవే పల్సర్లు. ఆ సంగతి 1968 ఫిబ్రవరి 24న 'నేచర్' పత్రికలో వచ్చింది. ఇవాళ నా కూడు ఆ పల్సర్లదే. వాళ్లు నోరు మూసుకున్నది కొన్ని వారాలు, తప్పు చెబితే పరువు పోతుందని.

అపోహ: ప్రచ్ఛన్న యుద్ధంలో రష్యా, అమెరికా ఈ విషయాన్ని ఒకరికొకరు తెలియనివ్వలేదు.

వాస్తవం: దాచుకోవడం అటుంచి, గొప్పలే చెప్పుకున్నారు. 1965లో సీటీఏ-102 అనే రేడియో మూలం వెనక నాగరికత ఉండవచ్చని సోవియట్ వార్తాసంస్థ టాస్ ప్రకటించేసింది. అది క్వేజార్, అంటే ఎంతో దూరంలోని గెలాక్సీ నడుమ వెలిగే కేంద్రం. 1971లో ఆర్మేనియాలోని బ్యురకాన్‌లో సోవియట్, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి కూర్చుని ఇదే విషయం చర్చించుకున్నారు. అమెరికా వైపు కార్ల్ సేగన్, ఫ్రాంక్ డ్రేక్, సోవియట్ వైపు కర్దాషెవ్, అందరూ ఉన్నారు. 2022 జూన్‌లో చైనా వంతు వచ్చింది. 'ఫాస్ట్' అనే తమ రేడియో టెలిస్కోపుకు అనుమానాస్పద సిగ్నళ్లు అందాయని అక్కడి పత్రిక వేసి, వెంటనే తీసేసింది. తీసేసింది కాబట్టి నిజమేనని మా వాట్సాప్ గ్రూపు తీర్మానించింది. రేడియో రొద అయ్యుండవచ్చని ఆ బృందమే చెప్పిన మాటను ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

అపోహ: ప్రభుత్వాలు ఆకాశం గురించి దాచేది ఏలియన్స్ సంగతే.

వాస్తవం: దాస్తాయి, అయితే అది ఎదుటి దేశం మీద పెట్టిన నిఘా సంగతి. ఏలియన్స్ నౌక కూలిందని జనం చెప్పుకునే అమెరికాలోని రోజ్‌వెల్‌లో 1947లో పడిన శకలాలు సోవియట్ అణుపరీక్షల చప్పుడు వినడానికి ఎగరేసిన బెలూన్లవని అమెరికా వైమానిక దళం 1994లో ఒప్పుకుంది. అన్నేళ్లూ దాచింది తన చెవిని.

మన దేశంలో జరిగింది ఇంకా బాగుంటుంది. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి వరకు లద్దాఖ్‌లో మన సైనికులు ఆకాశంలో వెలుగులను 329 సార్లు లెక్కపెట్టారు. 155 సార్లు అవి వాస్తవాధీన రేఖ దాటి వచ్చాయని రాసుకున్నారు. చైనా డ్రోన్లని అనుమానం. చివరికి బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్లను పిలిస్తే, ఒకటి శుక్రుడు, ఇంకొకటి గురుడు అని తేల్చారు. నవ్వుకోవద్దు. ఆ చలిలో, ఆ ఎత్తులో, ఎదురుగా చైనా సైన్యాన్ని పెట్టుకుని చూస్తే నాకూ శుక్రుడు డ్రోన్‌లాగే కనిపిస్తాడు. నిజంగా వింతదేదైనా వస్తే నా భయం ఇదే: ముందు శత్రువుదే అనుకుంటారు.

అపోహ: ఐక్యరాజ్యసమితిలో ఏలియన్స్‌తో మాట్లాడే రాయబారి ఉన్నారు.

వాస్తవం: లేరు. 2010లో మలేషియా శాస్త్రవేత్త మజ్లాన్ ఓత్మాన్ పేరు మీద వచ్చిన ఆ వార్తను ఆవిడే కొట్టిపారేశారు.

అపోహ: ఎవరు జవాబివ్వాలో అంతర్జాతీయ చట్టం ఉంది.

వాస్తవం: 1967 అంతరిక్ష ఒప్పందంలో ఏలియన్స్ మాటే లేదు. దేశాలన్నీ మాట్లాడుకోకుండా జవాబు పంపొద్దని శాస్త్రవేత్తలు 1989లో ఒక ప్రకటన రాసుకున్నారు, 2010లో సవరించుకున్నారు. సంతకం పెట్టినవాళ్లకు అది మర్యాద, మిగతావాళ్లకు కాగితం. దేశాల మధ్య అసలు గొడవ వచ్చేది ఇక్కడే. సిగ్నల్ అందరికీ వినిపిస్తుంది. జవాబు మాత్రం పెద్ద ట్రాన్స్‌మిటర్ ఉన్న ఎవరైనా పంపగలరు, ఒకసారి వదిలాక వెనక్కి పిలవలేరు. 1974లో ప్యూర్టోరికోలోని అరెసిబో టెలిస్కోపు నుంచి నక్షత్రాల వైపు 1,679 బిట్ల సందేశం పంపినప్పుడు ఏ దేశాన్నీ అడగలేదు. బ్రిటన్ ఖగోళ శాస్త్రవేత్త మార్టిన్ రైల్ గట్టిగా అభ్యంతరం చెప్పారు. అప్పటికే అది వెళ్లిపోయింది. 1999లో, మళ్లీ 2003లో క్రిమియాలోని యెవ్పటోరియా డిష్ నుంచి దగ్గరి నక్షత్రాలకు సందేశాలు వెళ్లాయి. పంపే పని నడిపింది రష్యా శాస్త్రవేత్త జైత్సెవ్, డిష్ అప్పుడు ఉక్రెయిన్‌ది. 2014 నుంచి ఆ గడ్డ రష్యా చేతిలో ఉంది. ఆ నక్షత్రాల నుంచి తిరుగు టపా వస్తే దాని మీద ఎవరి అడ్రసు ఉన్నట్టో మావయ్యను అడిగాను. "ముందు పెరుగన్నం తిను" అన్నాడు.